పగటి నిద్రకు కట్టిన ఇల్లు

పెళ్లయిన నాటి నుంచీ కనకం పెద్ద పని మొగుడి పగటి నిద్రకు కాపలా కాయడమే. అప్పారావు బిలాస్‌పూర్ లోకో షెడ్డులో ఫిట్టరు. నెలలో సగం రోజులు నైట్ డ్యూటీ. తెల్లారి వచ్చి, రెండు ముద్దలు తిని పడుకునేవాడు. మే నెల వచ్చిందంటే వాళ్ల ఒంటి ఇటుక గోడల క్వార్టరు పొద్దెక్కకముందే పెనంలా కాలేది. కనకం గుమ్మానికి తడిదుప్పటి కట్టేది, ఆరగానే మళ్లీ తడిపేది. కుక్కరు కూత పెట్టకుండా అన్నం గిన్నెలో వండేది. ఎన్ని చేసినా కూలర్ హోరులో ఆయనకు నిద్ర చాలేది కాదు. ఒకసారి ఆ నిద్రమత్తులోనే షెడ్డులో రెండు వేళ్లు నలగ్గొట్టుకున్నాడు. దాని గురించి కనకం ఎవరితోనూ మాట్లాడదు.

పాత క్వార్టర్లు కూల్చేస్తారని తెలిసినప్పుడు బిల్హా వైపు ఊరి చివర కనకం పేరన ఉన్న చిన్న స్థలం గుర్తొచ్చింది. తక్కువ ఖర్చులో ఇల్లు కట్టుకునేవాళ్లకు కార్పొరేషన్ డబ్బు ఇస్తోంది. లోపలికి వేడి రాని, కరెంటు తక్కువ తాగే ప్లానుకు ఒప్పుకుంటే మరికొంత ఇస్తుంది. వార్డు ఆఫీసులో ఇంజనీరు రాజేంద్ర బొమ్మలు చూపించి చాలాసేపు చెప్పాడు. అంతా విని కనకం హిందీలో ఒకే ప్రశ్న అడిగింది: నడి మధ్యాహ్నం లోపల మనిషి పడుకోగలడా అని. అతను ఆమెను ఊళ్లోనే, కుదుదండ్‌లో అలా కట్టిన ఒక ఇంటికి తీసుకెళ్లాడు. ఎండ కొడుతున్న పడమటి గోడకు లోపలివైపు ఆమె అరచెయ్యి ఆనించింది. చెయ్యి తీయకుండానే ఒప్పుకుంది.

అప్పారావుకు నచ్చలేదు. ఆయనకు పడమట రోడ్డువైపు కూలర్ పట్టేంత కిటికీ కావాలి, ముందు అద్దాలు కావాలి. ఈ ప్లానులో పడమట కిటికీయే లేదు. ఇటుకలను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, వేడి లోపలికి దాటకుండా మధ్యలో ఖాళీ వదిలి గోడ కడతారు. కప్పు మీద తెల్ల పెంకులు పరుస్తారు. అయినా స్థలం కనకందే, సంతకమూ ఆమెదే గనుక పని మొదలైంది. షెడ్డులో ఆయనతో పనిచేసే గిరిబాబు గోడ లేస్తుండగా చూసి, డొల్ల గోడలని నలుగురిలో నవ్వాడు.

ఆ సాయంత్రం అప్పారావు సగం లేచిన గోడ చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"నిద్ర పట్టకపోతే ఏటి సేస్తావే?" అన్నాడు చివరికి.

"పట్టకపోతే నన్ననండి. మేస్త్రీని గాదు, ఇంజనీర్ని గాదు."

అన్నదే గాని, గృహప్రవేశం నుంచి మే నెల దాకా ఆమెకు ఆ మాట గుండెల మీద రాయిలాగే ఉంది.

ఎండలు ముదిరాక మొదటి నైట్ డ్యూటీ పడింది. అప్పారావు పొద్దున్నే వచ్చి పడుకున్నాడు. కనకం పాత అలవాటుకొద్దీ దుప్పటి బకెట్లో నానబెట్టి, గుమ్మంలో కూర్చుంది. బయట రోడ్డు మీద ఎండ కళ్లలో గుచ్చుతోంది. లోపల ఫ్యాను మెల్లగా తిరుగుతోంది. ఆయన ఒకసారి ఒత్తిగిల్లాడు. ఆమె సగం లేచింది. ఆయన గురక పెట్టాడు. మళ్లీ కూర్చుంది. దుప్పటి బకెట్లోనే ఉండిపోయింది.

ఎండ కాస్త వాలాక గిరిబాబు స్కూటర్ మీద వచ్చి, గేటు దగ్గర నుంచే అన్నా అని కేక పెట్టబోయాడు. కనకం చెయ్యి అడ్డం పెట్టింది.

"పడుకున్నారు."

"ఇంకానా? కూలర్ సప్పుడు నేదేటి వదినా?"

"పెరట్లో ఉంది. దాని మీద గిన్నెలు బోర్లిస్తన్నాను."

గిరిబాబు నమ్మలేదు. చెప్పులు విడిచి లోపలికొచ్చి పడమటి గోడ మీద చెయ్యి పెట్టాడు. కనకం ఆ చేతినే చూస్తూ నిలబడింది. అతను నవ్వలేదు, చెయ్యి కూడా వెంటనే తీయలేదు.

ఆ అలికిడికి అప్పారావు లేచొచ్చాడు. కళ్లు తేటగా ఉన్నాయి. టైమెంతయిందని అడిగి, విని, మరోసారి అడిగాడు.

"అచ్ఛా అన్నా, ఈ గోడెలా కట్టించినావు?" అన్నాడు గిరిబాబు.

అప్పారావు భార్య వంక చూశాడు.

"నన్నడుగుతావేటి? మీ వదిన్నడుగు. ఇల్లు ఆవిడిది."

కనకం బకెట్ అందుకుంది. పెరట్లోకి వెళ్లి, దుప్పటి పిండి, తీగ మీద ఆరేసింది. లోపలికొచ్చి పప్పు కడిగి, కుక్కరు పొయ్యి మీద పెట్టింది.