సాయంత్రానికల్లా దిగిపోయే తీగలు

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. భూములు కొలిచే సర్వేయర్ని. శ్మశానం హద్దు కొలిచి, చేతులు కడుక్కుని అక్కడే టిఫిన్ డబ్బా విప్పుకున్న మనిషిని. ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే "ఎన్ని సెంట్లలో ఉంటుందట?" అని ఏడిపించేవాణ్ణి. ఇది చదివి మీరు నన్ను ఏడిపించినా నాకేం కోపం రాదు.

విడాకులైన ఏడాదే నాకు గిద్దలూరు బదిలీ అయింది. రైల్వే స్టేషన్‌కు దగ్గర్లో మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకున్నాను. పగలు పొలాల్లో గడిచిపోయేది. సాయంత్రం ఇంటికి వస్తే పలకరించే మనిషి లేదు. టీవీలో వంటలు చెప్పే ఆవిడకు "సరేనండీ" అని జవాబు చెప్పడం మొదలుపెట్టాక, ఇక లాభం లేదనిపించింది.

కాలేజీలో నాలుగు పాటలకు సరిపడా గిటార్ నేర్చుకున్నాను. కొత్తది కొందామని చూస్తే చౌకవన్నీ అట్టపెట్టె వాయించినట్టున్నాయి, బాగున్నవి నాకు అందలేదు. మైకుసెట్లు అద్దెకిచ్చే అతను రాచర్ల వైపు ఒక ఇంట్లో పాత గిటార్ ఉందని చెప్పాడు.

అది మార్తమ్మ అనే ఆవిడ ఇల్లు. అరవై దాటినా కూలి పనికి వెళ్తుంది. భర్త యోహాను ఊరి చర్చిలో గిటార్ వాయించేవాడట, ఆరు నెలల కింద గుండెపోటుతో పోయాడట. గిటార్ పాత చీరలో చుట్టి ఉంది. పైన గీతలు పడ్డాయి గానీ మెడ వంకర పోలేదు, నాదం నిండుగా ఉంది. నాకు బేరమాడబుద్ధి కాలేదు.

"తీసుకపో నాయనా. మూలన అట్ల పడుంటే చూడలేకపోతుండా," అంది.

ఇంటికి తెచ్చి కొత్త తీగలు వేశాను. రోజూ ఉదయం ఫోనులో శ్రుతి చూపించే యాప్ పెట్టి, ఆరు తీగలూ బిగించి డ్యూటీకి వెళ్లేవాణ్ణి. సాయంత్రం వచ్చి మీటితే బొంగురుగా పలికేది. కొత్త తీగలు సాగుతాయి, పైగా మా ఎండలు. పాత గిటార్ కదా, ఇంతేలే అనుకుని మళ్లీ బిగించేవాణ్ణి.

రెండు వారాలయ్యాక ఒక సంగతి గమనించాను. ఎండకు సాగితే ఒక తీగ ఎక్కువ, ఒకటి తక్కువ సాగాలి. ఇక్కడ ఆరు తీగలూ సరిగ్గా మూడేసి మెట్లు దిగుతున్నాయి. వాటిలో వాటికి శ్రుతి తప్పడం లేదు. ఎవరో కూర్చుని, ఓపికగా కింది శ్రుతికి సరిచేసినట్టుంది. నేను ఇంట్లో ఉన్న రోజు మాత్రం దిగేది కాదు.

కొలిచేవాడి బుద్ధి ఎక్కడికి పోతుంది. తీగలు బిగించే మరల నుంచి పక్కనున్న చెక్క మీదికి వైట్నరుతో గీతలు గీశాను. సాయంత్రానికి ఆరు గీతలూ విడిపోయి ఉన్నాయి. తీగ దానంతటది సాగితే మర తిరగదు కదా. ఇంటి తాళం మార్చాను. తాళంచెవులు రెండూ నా జేబులోనే పెట్టుకున్నాను, కిటికీలకు గడియలు వేశాను. మర్నాడూ గీతలు విడిపోయాయి. ఆ రోజు నాకు నిజంగా భయం వేసింది. బయట మెట్ల మీద కూర్చుని అన్నం తిన్నాను.

తిరిగి ఇచ్చేద్దామనుకున్నాను. ఇచ్చేస్తే మళ్లీ టీవీ ఆవిడే దిక్కని తెలుసు. అయినా ఒకరోజు పని అయ్యాక ఇంటికి వచ్చి, దిగిన తీగలను ముట్టుకోకుండా, గిటార్ తీసుకుని రాచర్ల ఆటో ఎక్కాను.

మార్తమ్మ అప్పుడే పని నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. నేను జరిగిందేమీ చెప్పలేదు. మీ ఆయన తీగలు ఎట్లా బిగించేవారు అని మాత్రం అడిగాను.

"అందరి మాదిరి కాదులే," అంది ఆమె. "నాకు గొంతు ఆపరేషన్ అయినాక పాట పైకి పోయేది కాదు. చర్చిలో ఇంక వయసు పిల్లోళ్లని పాడనియ్యమన్నారు. ఆయన ఒప్పుకోలా. నేను పని నుంచి వచ్చే యాళకు తీగలన్నీ దించి పెట్టుకోనుండేవాడు. నువ్వు పైకి రావాల్సిన పన్లేదు, ఇదే కిందికి వస్తాదిలే అనేవాడు."

గిటార్ ఒళ్లోకి తీసుకున్నాను. ఉన్నవి ఉన్నట్టుగా తీగలు మీటాను. ఆమె అరుగు మీద కూర్చుని, కాసేపు విని, పాట ఎత్తుకుంది. ఆ బొంగురు గొంతు సరిగ్గా ఆ శ్రుతిలోనే కలిసింది. నేను ఒక్క మర కూడా తిప్పలేదు. రెండో చరణంలో ఆమెకు ఏడుపొచ్చింది, అయినా పాట ఆపలేదు.

నా భార్య చాలా నెమ్మదిగా మాట్లాడేది. నేను ఇంట్లో ఏనాడూ గొంతు తగ్గించలేదు. ఆ అరుగు మీద కూర్చుని సిగ్గుతో చచ్చిపోయాను.

పాట అయ్యాక సంగతంతా చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. పైట చెంగుతో గిటార్ మీది దుమ్ము తుడిచి నా చేతికిచ్చింది.

"నాకు వాయించేది రాదు. నీకాడ ఉంటే మోగుతాది," అంది.

ఆ రోజు తర్వాత తీగలు దిగలేదు. ఎందుకు దిగేవో, ఎందుకు ఆగిపోయాయో నాకు తెలియదు. మార్కాపురంలో గిటార్ నేర్పే ఒకాయన మరలు విప్పి చూసి, లోపమేమీ లేదన్నాడు.

నాకు ఊరటగా ఉండాలి. లేదు. ఇప్పుడు సాయంత్రం తాళం తీయగానే చెప్పులైనా విడవకుండా ముందు గిటార్ దగ్గరికే వెళ్తాను. తీగలు మీటి, ఫోనులో చూస్తాను. ఆరు తీగలూ నేను ఉదయం బిగించినట్టే ఉంటాయి. ఇంట్లో ఎవరూ లేరు.