గొంతు లేని ప్రార్థన

బస్సు డిపోలో ఆ కండక్టర్ని అసలు పేరుతో పిలిచినవాళ్లు లేరు. అందరికీ అతను గంట. వెనక గుమ్మంలో నిలబడి అతను “రైట్!” అన్నాడంటే ముందున్న డ్రైవరు చెవులు గింగురుమనేవి. “అమ్మా, కాస్త ముందుకు జరగండి! వెనకున్నవాళ్లూ మనుషులే, మూటలు కాదు!” అని అతను అరిస్తే, అప్పటిదాకా తిట్టుకుంటున్న జనం ఫక్కున నవ్వి జరిగేవారు.

ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేదీ ఆ గొంతే. చివరి బల్లమీద కునికిపాట్లు పడే ముసలాయన కూడా దిగ్గున లేచి నిలబడేవాడు. భార్యకు మాత్రం శ్రుతీ లేదు, లయా లేదు. “నా వాటా కూడా దేవుడు మీకే ఇచ్చేశాడు. నాకు వినే పని అప్పజెప్పాడు” అనేది.

అలాంటి గొంతు ఒక ఏడాది బొంగురుపోయింది. జలుబనుకున్నారు. దుమ్మనుకున్నారు. వేడినీళ్లు, తేనె, కషాయం అన్నీ అయ్యాయి. “ఊరంతటికీ వినబడేలా అరిచే ఉద్యోగం, అరిగిపోదా మరి!” అని డ్రైవరు వేళాకోళమాడాడు. ముద్ద మింగుడుపడకుండా పోయాక గానీ ఆసుపత్రికి వెళ్లలేదు.

పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. “గొంతు క్యాన్సరు. స్వరపేటిక తీసేయాలి. తీస్తే బతుకుతారు. మెడకు పెట్టే రంధ్రంలోంచి ఊపిరి తీసుకుంటారు. మాట మాత్రం ఇక రాదు.”

ఇంటికొచ్చి బల్ల దగ్గర కూలబడ్డాడు అతను. “దేవుడి పాటలు పాడిన గొంతే దొరికిందా ఆయనకి?” అన్నాడు.

భార్య తుడిచిన బల్లనే మళ్లీ మళ్లీ తుడుస్తోంది. “నాకు తెలీదండీ. తెలీనిదాన్ని తెలిసినట్టు చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టలేను. కానీ ఆయన చెయ్యి వదిలేసి ఎక్కడికి పోతాం? మనకింకెవరున్నారు?” అంది.

ఆపరేషను రోజు పొద్దున కూతురు వచ్చి మంచం పక్కన కూర్చుంది. “నాన్నా, ఒక్కసారి పిలువు” అంది. “పిచ్చుకా” అన్నాడు, చిన్నప్పుడు పిలిచినట్టు. ఆ పిల్ల మొహం తిప్పుకుంది. భార్యకు చెప్పాల్సింది మాత్రం గుండె నిండా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక వాయిదా వేస్తూ వచ్చాడు. ఇంతలో స్ట్రెచరు వచ్చేసింది. తలుపు దాకా ఆమె పక్కనే నడిచింది. కంగారులో అతని నోట వచ్చిన మాట ఒకటే: “వంటింటి కొళాయి కారుతోంది, వాషరు మార్పించు.”

తలుపు మూసుకుంది. ఈ లోకంలో అతను పలికిన ఆఖరి మాట అదే.

“ఇన్నేళ్ల కాపురానికి చివరి మాట కొళాయి గురించా!” అని తర్వాత ఆమె ఎన్నిసార్లు నవ్విందో. నవ్వీ నవ్వీ కొంగుతో కళ్లు తుడుచుకునేది.

అతను పలక మీద రాయడం అలవాటు చేసుకున్నాడు. ఆమె అతని మెడలోని గొట్టం శుభ్రం చేయడం నేర్చుకుంది. పొద్దున్నే ప్రార్థనకు కూర్చుంటే ఇద్దరి తరఫునా ఆమే పాడేది. రాగం తాడు తెంపుకున్న మేకలా ఎటో పోయేది. అతను మోకాలి మీద తాళం వేసి దారికి తేవాలని చూసేవాడు. అది వచ్చేది కాదు. చప్పుడు లేని నవ్వుతో అతని భుజాలు ఎగిరెగిరి పడేవి.

ఆ కాస్త నవ్వూ మిగల్లేదు.

మరుసటి వానాకాలంలో ఒక మధ్యాహ్నం ఎండ కాస్తే ఆమె డాబా మీద బట్టలు ఆరేయడానికి వెళ్లింది. ఎంతకీ దిగకపోతే అతను వెళ్లి చూశాడు. మెట్ల మీద కూర్చుని ఉంది. ఒళ్లో అతని తడి చొక్కా. చెమటపట్టి మొహం పాలిపోయి ఉంది. అతన్ని చూసి ఏదో అనబోయింది, మాట రాలేదు.

అరవాలి. ఇరుగుపొరుగును పిలవాలి. ఒకప్పుడు వీధి చివరిదాకా వినబడిన మనిషి నోరు తెరిస్తే మెడలోంచి గాలి బుసబుసమంది, అంతే. ఇనప బకెట్టు మెట్లకేసి కొట్టాడు. కిందికి పరుగెత్తి కనబడిన తలుపునల్లా అరచేతులతో బాదాడు. జనం బయటికొచ్చి, అతను ఎటు చూపిస్తున్నాడో అర్థం చేసుకుని, పైకి వెళ్లేసరికి ఆమె గోడకు ఆనుకుని ఉంది. ప్రాణం లేదు.

“వెంటనే తెచ్చినా దక్కేది కాదు” అన్నారు డాక్టరు. ఆ మాట అతను ఎన్నడూ పూర్తిగా నమ్మలేదు.

సమాధి దగ్గర పాట మొదలుపెట్టే వేళకు అందరూ అలవాటు కొద్దీ అతని వైపు చూసి, నాలుక కరుచుకుని తలలు దించుకున్నారు. పాస్టరు గారు దగ్గరకొచ్చి, “అంతా దేవుని చిత్తం, అన్నా” అన్నారు. అతను పలక తీసి, “ఆ మాట ఇప్పుడొద్దు” అని రాశాడు. పాస్టరు గారు చదివారు. మట్టిలోనే అతని పక్కన చతికిలబడి, పొద్దు వాలేదాకా ఉన్నారు.

అతను చర్చికి వెళ్లడం మానేశాడు. ప్రార్థన వేళకు మాత్రం ఒళ్లు దానంతటదే లేచి బల్ల దగ్గర కూర్చునేది. ఎదుట ఖాళీ కుర్చీ. పలక మీద “ఎందుకు?” అని రాసి అటువైపు తిప్పి పెట్టేవాడు. సాయంత్రం చెరిపేవాడు. పొద్దున మళ్లీ అదే.

ఒకరోజు కూతురు అది చూసింది. “నువ్వు ప్రార్థన మానేశావనుకున్నా నాన్నా.”

“మానలేదు. పోట్లాడుతున్నా” అని రాశాడు.

“పోనీలే. పరాయివాళ్లతో ఎవరు పోట్లాడతారు?” అంది కూతురు, పక్కనే కూర్చుంటూ.

కొన్నాళ్లకు డాక్టరు కబురు పెట్టారు. బజారులో చేపలమ్మే ఒకావిడకు అదే జబ్బు. గొంతు పోయాక బతకడమెందుకని ఆపరేషనుకు ఒప్పుకోవడం లేదట. ఒకసారి వచ్చి కనబడమన్నారు. నా మొహం చూసి ధైర్యం తెచ్చుకునేదేముందని అతననుకున్నాడు. కూతురే బలవంతాన బయల్దేరదీసింది.

ఆవిడ అతని మెడ వైపు రెప్ప వాల్చకుండా చూసింది. “నీ పెళ్లాం ఏమంటుంది నిన్ను చూసి?” అంది జీరగొంతుతో.

“చనిపోయింది” అని రాశాడు. ఆవిడకు చదువు రాదు. కూతురు చదివి చెప్పింది.

ఆవిడ కాసేపు దుప్పటి అంచు నలిపింది. “అయ్యో! మరి ఇదంతా దేవుడు మన మంచికే చేశాడంటావా?”

అతను రాసి చెరిపాడు. మళ్లీ రాశాడు. కూతురు చదివి వినిపించింది: “ఎందుకో నాకు తెలీదు. రోజూ అడుగుతున్నా, చెప్పడం లేదు. అయినా నన్ను ఒంటరిగా వదిలేయలేదు. నీళ్లు దాటేటప్పుడు లోతు తెలియకపోయినా, పట్టుకున్న చెయ్యి తెలుస్తుంది కదమ్మా.”

ఆవిడ భోరుమంది. మర్నాడు ఆపరేషనుకు సరేనంది. బతికింది కూడా. ఇప్పుడు చేతి సైగలతోనే బేరాలాడుతోందనీ, ముందుకంటే గయ్యాళిగా ఉందనీ బజారంతా చెప్పుకుంటారు.

అప్పటినుంచి పిలిస్తే వెళ్తున్నాడు. అందరూ బతకలేదు. నెల రోజులు తను పక్కన కూర్చున్న ఒక బడిపంతులు అతని చెయ్యి పట్టుకునే కన్నుమూశాడు. ఇందుకోసమే దేవుడు గొంతు తీసుకున్నాడని ఎవరైనా అంటే అతను అడ్డంగా తల ఊపుతాడు. ఆ లెక్క అతనికి కుదరదు. కుదరకపోయినా ఆయన్ని నమ్ముతాడు.

చర్చికి మళ్లీ వస్తున్నాడు. పాట మొదలుకాగానే అందరితో పాటు లేచి నిలబడతాడు. కొన్ని ఆదివారాలు చివరి చరణం దాకా నిలబడగలడు. కొన్నిసార్లు సగంలోనే కూర్చుని మొహం చేతుల్లో దాచుకుంటాడు. మరుసటి ఆదివారం మళ్లీ వస్తాడు.