ఆగడం రాని పెద్దిరాజు

పెద్దిరాజుకు బండి నడపడం వచ్చు, ఆగడమే రాదు. మా మయూర్ విహార్ ఫ్లాట్లలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు పూర్తిగా చచ్చుబడింది. కుడి మోకాలు దేన్నయినా గట్టిగా నొక్కిపట్టగలదు కానీ ఒంటి బరువు మోయలేదు. అలాంటి మనిషి చంకకర్రలు వెనక కట్టుకుని, రోజూ మోటారు సైకిలు మీద సెక్రటేరియట్‌కు వెళ్లి గుమాస్తా ఉద్యోగం చేసి వచ్చేవాడు.

దారిలో ఎర్రదీపం పడితే పక్కనున్న డీటీసీ బస్సు కిటికీ ఊచ పట్టుకునేవాడు. "అరే బాబూజీ, టికెట్ భీ లే లో!" అని, టికెట్ కూడా కొనమంటూ కండక్టర్లు ఆటపట్టించేవారు. ఆఫీసు గేటు దగ్గర చప్రాసీ వచ్చి బండి పట్టుకునేవాడు. సాయంత్రం మా సందు మలుపులో రెండుసార్లు హారన్ కొడితే చాలు, వాళ్లావిడ హైమవతి చపాతీ పిండి చేతులతోనే మెట్లు దిగి పరుగెత్తేది. ఒక చెయ్యి అతని భుజం మీద, ఒక చెయ్యి బండి వెనక. అప్పుడే బండి ఆగినట్టు లెక్క.

గేరు ఎడమ కాలితో వెయ్యాలి కదా, ఆ కాలేమో లేవదు. అందుకని గేరుకు ఇనుప కడ్డీ అతికించి పైదాకా తెచ్చి, దాని కొసన పాత గొడుగు పిడి బిగించాడు. క్లచ్ పట్టే చెయ్యే గేరూ లాగాలి. గేర్లు మార్చడానికి ఇక క్లచ్ మానేశాడు. ఒక్క క్షణం యాక్సిలరేటరు వదిలి, టక్కున పిడి లాగేవాడు. ఎడమ పాదం జారిపోకుండా హైమవతి లంగా బొందుతో కట్టేవాడు. లంగా బొందుతో రేసులకు వెళ్లిన వీరుణ్ణి మీరెక్కడైనా చూశారా? నేను చూశాను.

అవును, రేసులే. ఎనభై ఆరు చలికాలంలో గుర్గావ్ అవతల ఒకప్పుడు విమానాలు దిగిన పాడుబడ్డ మైదానంలో తారు పీపాలు వరసగా పెట్టి ఏదో మోటారు క్లబ్బువాళ్లు పందెం పెట్టారు. మహానుభావుడు పేరిచ్చి వచ్చాడు!

ఆదివారాలు యమున ఒడ్డున ఖాళీ నేలమీద ఒకటే సాధన. ఎడమకు తిరిగేటప్పుడు కుడి మోకాలితో ట్యాంకును నొక్కి, పక్కకు వేలాడేవాడు. కుడికి తిరగాలంటే ఎడమ మోకాలికి పట్టు లేదు. అప్పుడు ఎడమ మోచేతిని ట్యాంకుకు ఆనించి, గుండెను దానికి అదిమి, నడుమును కదపకుండా హ్యాండిల్‌తోనే బండిని వంచేవాడు. కిందపడ్డప్పుడల్లా మా ఆయన లేపేవాడు.

"ఎందుకన్నయ్యా నీకీ గోల?" అన్నాను.

"గెలవడానిక్కాదు చెల్లెమ్మా. ఒక్కసారి కర్రల్లేకుండా అందరితోపాటు ఆ గీత దాటాలి. హైమ చూడాలి."

హైమవతి అగ్గిమీద గుగ్గిలమైంది. క్లబ్బువాళ్లు మొదట్లో నిలబెట్టడానికీ చివర్లో పట్టుకోవడానికీ మీ మనుషుల్నే తెచ్చుకోండి అన్నారట. "నేను రాను. వచ్చినా చూడను. పట్టుకోనంటే పట్టుకోను," అంది.

వచ్చింది. ఎండ కాచుకోవడానికి వచ్చానంది! మైదానానికి వీపు పెట్టి దుప్పటి మీద కూర్చుని స్వెట్టరు అల్లడం మొదలుపెట్టింది.

మొదట్లో మా ఆయనే బండి పట్టుకుని నిలబెట్టాడు. జెండా ఊపారు. బండ్లన్నీ దూసుకుపోయాయి, మనవాడు వెనకబడ్డాడు. నేను గెంతుతూ చెబుతున్నాను, హైమవతి తల ఎత్తదు. అతని బండి చప్పుడు దూరపు మలుపు చేరినప్పుడు మాత్రం ఆమె సూదులు ఆగేవి. మళ్లీ కదిలేవి.

అందరికంటే ఆఖరున, కానీ పడకుండా, పెద్దిరాజు గీత దాటాడు. నేను ఏడ్చేశాను, దాపరికమెందుకు. చివర్లో మా ఆయన చేతులు చాచుకుని నిలబడ్డాడు. తన లుంగీ తనే పట్టుకోలేని మనిషి. ఒకసారి ఆఫీసు ముందు పెద్దిరాజును బండితో సహా వదిలేసిన ఘనుడు. పెద్దిరాజు ఆయన్ను తప్పించుకుని ముందుకు పోయాడు. మరో చుట్టు. "భయ్యా, రేస్ ఖతమ్! రుక్ జావో!" అని, ఇక ఆగమంటూ మైకులో అరుపులు. బండి తేలిగ్గా ఉండాలని పెట్రోలు అరకొరగా పోశాడని నాకు తెలుసు. అది కాస్తా అయిపోతే ఆ దూరాన బండి కింద పడి నలిగిపోతాడు.

"వదినా, నీ పంతం తగలెయ్య, లే!" అన్నాను.

అప్పుడే రెండు హారన్లు వినబడ్డాయి, మా సందు మలుపులో కొట్టినట్టే.

హైమవతి లేచిందో ఎగిరిందో తెలియదు. సూదులు చేతిలోనే ఉన్నాయి, ఊలు ఉండ వెనక దొర్లుతోంది. ఒక చెయ్యి భుజం మీద, ఒక చెయ్యి బండి వెనక. దగ్గి దగ్గి ఇంజను దానంతటదే ఆగిపోయింది.

పెద్దిరాజు రొప్పుతూ, "చూశావా హైమా?" అన్నాడు.

"నేనెందుకు చూస్తానండీ? చూడనన్నానుగా." కొంగుతో అతని మొహం మీది దుమ్ము తుడిచింది. "ఆ దూరపు మలుపు దాటాక ప్రతిసారీ మూడో గేరు వేశారు. ఆఖరి చుట్టులో రెండోలోనే ఈడ్చారేం? చెయ్యి నొప్పెట్టిందా?"

పెద్దిరాజు ఎడమ అరచెయ్యి విప్పి చూపించాడు. గొడుగు పిడి రాసుకుని బొబ్బలు చిట్లాయి. హైమవతి ఆ చేతిని కాసేపు తన చేతిలోనే ఉంచుకుంది.

"ఇంటికి పదండి," అంది. "వచ్చేసారి పిడికి గుడ్డ చుడతాను."