ఏదీ అడగని మేడం

చెంబుతో బకెట్లోంచి నీళ్ళు ఎత్తి మళ్ళీ అందులోనే పోసే చప్పుడు వినబడితే చాలు, నా నోరు దానంతటదే మూతపడుతుంది. ఈ సంగతి కనిపెట్టిన మా ఇంట్లోవాళ్ళు నా వాగుడు భరించలేనప్పుడల్లా చెంబు అందుకుంటారు. ఈ అలవాటు చేసినవారు జగిత్యాలలో మా వసుధ మేడం. మాటలు రాని, మనుషులతో కలవని పిల్లలకు ఆటలతోనే అన్నీ నేర్పే థెరపీ సెంటరు ఆవిడది. ఎనిమిదిలో బడి మానేసి, సిరిసిల్లలో మరమగ్గాల దగ్గర నూలు కండెలు చుట్టి, పెళ్ళయి ఆ ఊరొచ్చిన నన్ను పనిలో పెట్టుకున్నారు. "మస్తు నవ్విస్తవట గదా పద్మా" అన్నారు. నేను పొంగిపోయాను.

ఆ పొంగు దించింది నాలుగేళ్ళ శ్రీనిత. మల్యాల నుంచి నాయనమ్మతో బస్సులో వచ్చేది. మన దగ్గర పిల్ల కనబడితే చాలు, పరీక్ష పెట్టేస్తాం కదా! నేనూ వంగి, "ఏం పేరు బిడ్డా? అమ్మ మంచిదా, బాపు మంచోడా? జర నమస్తే పెట్టు" అన్నాను. పిల్ల చెవులు మూసుకుని ఏడుస్తూ గేటు దాకా పరుగెత్తింది. మర్నాటి నుంచి గేటు దగ్గరే ఏడుపు మొదలు. నాయనమ్మ తేల్చి చెప్పింది: "శనివారం దాంక సూస్త. గప్పటికీ గిట్లనే ఏడిస్తే ఇగ తోల్కరాను. పోరి బుగులుకు జరం తెచ్చుకుంటది."

మేడం నన్ను పక్కకు పిలిచారు. "ఆ పిల్లను ఒక్కటి గూడ అడుగకు. పేరు వద్దు, నమస్తే వద్దు."

"మరి నేనేం జెయ్యాలె మేడం? గోడ లెక్క నిలబడాల్నా?"

"ఆమెకు ఏది ఇష్టమో గదే నువ్వు చెయ్యి. నువ్వు పక్కకుంటే మంచిగున్నదని పిల్లకు అనిపియ్యాలె. అడుగుడు, నేర్పుడు తర్వాత."

శ్రీనితకు ఇష్టమైంది పెరట్లో నల్లా కింది బకెట్టు. మేడం గదిలోని ఆట సామానంతా వదిలేసి, కుచ్చెళ్ళు దోపుకుని ఆ తడి గచ్చు మీద చతికిలబడ్డారు. పిల్ల పోస్తే తానూ పోశారు, ఆగితే ఆగారు. నీళ్ళు తగ్గితే నింపడం నా వంతు. మాట మాత్రం లేదు. చెప్పని జోకులు కడుపులో పులిసిపోయాయి.

నాయనమ్మ నిలబడే ఉంది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. మేడం వాళ్ళ తాతలు ఒకప్పుడు మల్యాల పక్క ఊరి దొరలు. "దొరసాని ముంగట కుర్చీల కూసుంటరా?" అని నా చెవిలో గొణిగింది.

"నీ దొరసాని గచ్చు మీద తడుస్తున్నది, జర సూడవ్వా" అన్నాను.

మేడం నవ్వి, ఆమెకూ ఒక చెంబు అందించారు. ముసలామె కాసేపు తటపటాయించి, పక్కనే కూలబడి నీళ్ళు పోయసాగింది. పోస్తూ పోస్తూ కొంగుతో కళ్ళొత్తుకుని మేడంతో అంది: "పోయినకాడల్లా అడుగుతరు, కోడలు గ్రహణంల తిరిగిందా, మీ ఇంట్ల ఇంకెవలకన్న గిట్లున్నదా అని. నువ్వేం అడుగవేందమ్మా?"

శనివారం గేటు దగ్గర ఏడుపు వినబడలేదు. శ్రీనిత నాయనమ్మ వేలు వదిలేసి నా దగ్గరకొచ్చింది. నా చెయ్యి పట్టుకుని నల్లా వైపు లాగింది. నా జన్మలో నన్ను అంతగా గెలిపించిన జోకు లేదు. వెనకనుంచి నాయనమ్మ గొంతు వినిపించింది: "సోమారం ఎన్నింటికి తోల్కరావాలె?"

ఇప్పుడు నేను కోరుట్ల సెంటరులో ఉన్నాను. పెద్ద మేడమ్‌లు నేర్పడం మొదలుపెట్టేముందు కొత్త పిల్లలతో చెలిమి చేయడం నా పని. గర్వంగానే చెప్పుకుంటాను. నిన్న ఒక బాబు బల్ల కిందికి దూరాడు. వాళ్ళమ్మ సిగ్గుతో చచ్చిపోతూ, "పేరు చెప్పు నానా" అని బతిమాలుతోంది. ఇంత లావు మనిషిని, కొంగు బిగించి నేనూ ఆ బల్ల కిందికి దూరాను. ఏమీ అడగలేదు. కాసేపటికి వాడు కొంచెం జరిగి, నాకు చోటిచ్చాడు.