చిన్నమామ ఎర్ర కండ్లు

పొద్దున లేచేసరికి నా రెప్పలు అతుక్కొని ఉన్నాయి. గోరువెచ్చని నీళ్లలో గుడ్డ ముంచి, పిండి, కండ్లమీద వేసుకొని కూర్చుంటే మా అమ్మాయి కంగారుపడింది. ఆస్పత్రికి పోదాంలే గానీ భయమేమీ లేదు, ఇది మన ఇంటికి పాత చుట్టమే అన్నాను. ఆ చుట్టం మొదట దిగింది మా చిన్నమామ దగ్గర.

చిన్నమామ అంటే మా అమ్మ తమ్ముడు. పాకాల చుట్టుపక్కల పల్లెల పిల్లల్ని ఎక్కించుకొని తిరిగే బడి బస్సు నడిపేవాడు. రెండో కాఫీ తాగితేనే గుండె దడ అనే మనిషి, సారా జోలికే పోడు. అయినా పొద్దున్నే చూస్తే రెప్పల అంచులు పండుమిరపకాయ మాదిరి ఉండేవి. వెంట్రుకల మొదళ్లలో ఉప్మా రవ్వ అంటుకున్నట్టు తెల్లటి పొట్టు. ఇసుక పడినట్టుందని ఊరికే నలుపుకొనేవాడు. మందులంగట్లో అడిగి చుక్కలు తెచ్చి వేసుకుంటే నాలుగు రోజులు తగ్గేది, మళ్లీ మామూలే. ఒకనాడు ఎవరో పిల్లాడి తల్లి ఆ ఎర్ర కండ్లు చూసి, బడికి పోయి, డ్రైవరు తాగి నడుపుతున్నాడని చెప్పింది. హెడ్మాస్టరు బస్సు తాళాలు తీసుకొని, విషయం తేలేదాకా రావద్దన్నాడు. మామ ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. "పసిబిడ్డల్ని మోసేవాణ్ణి, నన్ను తాగుబోతన్నారే" అని ఒకటే మాట.

మా అత్త కూర్చొని ఏడ్చే రకం కాదు. మరుసటి రోజే ఆయన్ను తిరుపతి బస్సెక్కించింది. డిగ్రీ సెలవుల్లో ఉన్న నేను తోడు. కంటి డాక్టరమ్మ రెప్ప తిప్పి చూసి, అంచున ఉండే సన్న నూనె గ్రంథులు మూసుకుపోయి వాచిందనింది. ఇంకొకరికి అంటేది కాదు, తాగుడు వల్లా కాదు. అడగకుండా వేసుకున్న చుక్కలకు మాత్రం బాగా చీవాట్లు పెట్టింది. వాటిలో కొన్ని చూపుకే చేటట. రోజూ వెచ్చటి గుడ్డ, తర్వాత రెప్పను అంచువైపు మెల్లగా ఒత్తడం, ఆపైన దూదితో అంచు తుడవడం, నలుపుకోకపోవడం.

"ఎన్నాళ్లు చేయాల మేడమ్?" అన్నాడు మామ.

"పండ్లు ఎన్నాళ్లు తోముకుంటారు?"

మామ ఫక్కున నవ్వినాడు.

ఇది తాగుడు వల్ల కాదని డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం పట్టుకొని, మామతోపాటు అత్త బడిలో తల్లిదండ్రుల మీటింగుకు పోయింది. కాగితం చదివి వినిపించి, "కండ్లెర్రగా ఉంటే తాగుబోతంటే, ఎర్రగడ్డలు కోసేటప్పుడు మనమంతా తాగుబోతులమే గదమ్మా!" అనింది. అందరూ నవ్వినారు. ఫిర్యాదు చేసినామె లేచి, "తెలీక అనేసినానన్నా" అనింది. మామ కోపపడలేదు. "బిడ్డ కోసమే గదమ్మా. నా తర్వాత ఎవరొచ్చినా ఇట్లే అడుగు" అన్నాడు. హెడ్మాస్టరు ఆడనే తాళాలు చేతికిచ్చినాడు.

నెలలో రెప్పలు తేటపడినాయి. తగ్గింది గదా అని మామ గుడ్డ పక్కన పెట్టేసినాడు. పది రోజులకే రెప్పలు మళ్లీ ఎర్రబడినాయి. అప్పుడు అత్త అన్న మాటలు ఇక్కడ రాయలేను. ఆ తర్వాత ఆయన మానలేదు. అప్పుడప్పుడు ఎర్రబడినా బెదరలేదు. ఇప్పటికీ బస్సు తీసే ముందు పది నిమిషాలు కండ్లకే. ఆ కండ్లు ఫలానా రోజున బాగైనాయని చెప్పలేను. పదేసి నిమిషాలుగానే ఇరవై ఏండ్లు గడిచిపోయినాయి.