డ్రైవరు తల్లికి మొదటి సీటు

“నీ కొడుకు తోలే బస్సు నువ్వే ఎక్కనంటే, ఊళ్ళో జనాన్ని నేనెట్లా ఎక్కించేది కసిల్దా?”

“ఎక్కించొద్దనే చెబుతున్నా. వాణ్ణి కన్నది నేను. వాడి తోలుడు నాకు తెలుసు.”

రదామేస్ పెరటి గేటు దగ్గరే ఆగిపోయాడు. లోపల అరటిచెట్ల నీడలో అతని తల్లి కసిల్దా, బట్టలు కుట్టే నియుర్కా ఎదురెదురుగా కూర్చుని రాజ్మా గింజలు ఏరుతూ పోట్లాడుకుంటున్నారు. నోళ్ళు లేస్తున్నా చేతులు మాత్రం ఆగడం లేదు. గొడవ తన గురించే కాబట్టి లోపలికి పోవడం తెలివితక్కువ. వినకుండా వెళ్ళిపోవడం అంతకన్నా తెలివితక్కువ. గేటు పట్టుకుని నిలబడ్డాడు.

దొమినికన్ దేశానికి మూడువైపులా సముద్రమే గానీ మోకా ఊరివాళ్ళకు మధ్యలో కొండ అడ్డం. ఆ కొండ దాటించి, ఏటా జూలైలో బడులు మూశాక జనాన్ని సముద్రానికి తీసుకుపోయి, తీసుకుపోయినవాళ్ళను తీసుకుపోయినట్టు ఇంటికి చేర్చే మనిషి నియుర్కా. మిగతా ఏడాదంతా స్కూలు యూనిఫారాలు కుడుతుంది.

పడుచుతనంలో ఒకసారి ఎవరో కట్టిన యాత్రలో ఆమె కూడా వెళ్ళింది. తిరిగొచ్చేటప్పుడు డ్రైవరు రమ్ము తాగి, కొండ మలుపులో బస్సును కాఫీతోటలోకి దింపాడు. ఎవరికీ ఏమీ కాలేదు. జనం గిన్నెలు నెత్తిన పెట్టుకుని నడిచి ఊరు చేరారు. అందరూ దారిపొడుగునా డ్రైవర్ని తిట్టారు, నియుర్కా ఒక్కతే తిట్టలేదు. ఆలోచిస్తూ నడిచింది. మరుసటి ఏడు యాత్ర తనే కట్టింది.

ఆమె పద్ధతులు ఆమెవి. యాత్రకు వారం ముందు ఒంటరిగా సముద్రం దగ్గరికి పోతుంది. చేపలు వేయించే ఆడవాళ్ళ పక్కన కూర్చుని, ఈసారి నీళ్ళు ఎటు లాగుతున్నాయో, గుంటలు ఎక్కడ పడ్డాయో అడిగి తెలుసుకుంటుంది. ఇసుక ఏటా జరుగుతుంది కాబట్టి నిరుటి మాట ఆమెకు పనికిరాదు. బస్సెక్కేటప్పుడు మగాళ్ళ దగ్గర రమ్ము సీసాలన్నీ లాక్కుని పెద్ద గిన్నెలో వేసి, మూత పెట్టి, ఆ మూత మీద తనే కూర్చుంటుంది. అక్కడ మధ్యాహ్నం తిన్నాక, గిన్నెలు తోమడం అయ్యేదాకా ఎవర్నీ నీళ్ళలోకి దిగనివ్వదు.

వీటన్నిటికన్నా పెద్ద షరతు ఒకటుంది. డ్రైవరు వెనకాల మొదటి సీట్లో డ్రైవరు తల్లి కూర్చోవాలి. బ్రేకుల్ని మెకానిక్కు చూసుకుంటాడు, బ్రేకు తొక్కేవాణ్ణి ఎవరు చూస్తారని అడుగుతుంది. తల్లి రాకపోతే ఆ బస్సు వద్దు.

రదామేస్ బస్సు పాతదే గానీ, ఏళ్ళ తరబడి ఇంకొకళ్ళ బండ్ల మీద క్లీనరుగా వేలాడి సంపాదించుకున్నది. అది ఎక్కేది రాళ్ళగని కూలీలు మాత్రమే. దానికి కారణం అతనే. రెండేళ్ళ కిందట ఇంకొకడి వ్యాను తోలుతూ, ముందుపోయే వ్యానుతో పందెం వేసుకుని, ఎవరో రైతు పందుల దొడ్లోకి దూసుకుపోయాడు. ముందు సీట్లో ఉన్నది కసిల్దా. ప్రాణానికేం కాలేదు గానీ ఆమె చెప్పు ఒకటి ఆ పందుల మధ్య పోయింది. ఆ రోజు నుంచి ఆమె కొడుకు బండి ఎక్కలేదు. ఒంటి చెప్పుతో ఇంటికి నడిచిన సంగతి ఊరంతా చెప్పింది.

నియుర్కా యాత్ర తోలితే ఆ మచ్చ పోతుంది. బడిపిల్లల్ని పంపడానికి తల్లులు ఒప్పుకుంటారు. తోలకపోతే గనికీ ఊరికీ మధ్య తిరుగుతూనే ముసలాడైపోతాడు. అది పైకి చెప్పుకునే బాధ. కన్నతల్లి ఎండలో బజారుకు నడుస్తూ, పక్కన బస్సు ఆపినా తల తిప్పుకుని పోవడం ఎవరికీ చెప్పుకోలేని బాధ.

లోపల నియుర్కా ఒళ్ళోని పొట్టు దులుపుకుని లేచింది.

“సరే. నువ్వు రాకపోతే వాడి అత్తగారిని పిలుస్తా.”

కసిల్దా చేతులు మొదటిసారి ఆగాయి. “ఓవిదియానా?”

“అడిగితే వస్తానంది. టోపీ కూడా కొనుక్కుందట.”

“మొదటి సీట్లో కూర్చోడానికి ఆవిడెవరు? వాణ్ణి ఆవిడ కన్నదా?”

“కనలేదు. అయినా వస్తానంది.”

గేటు దగ్గర రదామేస్‌ను చూసి నియుర్కా ఆశ్చర్యపోలేదు. వెనక టైర్లు అరిగిపోయాయి, మార్చమని చెప్పి వెళ్ళిపోయింది.

యాత్ర రోజు పొద్దున్నే ఓవిదియా కొత్త టోపీ పెట్టుకుని మొదటి సీట్లో కూర్చుంది. కాసేపటికి కసిల్దా చర్చికి కట్టుకునే గౌను వేసుకుని, కొడుకు మొహం చూడకుండా బస్సెక్కింది. ఓవిదియాను జరగమనలేదు, పక్కన ఉన్న కాస్త చోటులోనే తోసుకుని కూర్చుంది. ఇద్దరూ భారీ మనుషులు. ఒకళ్ళ భుజం ఒకళ్ళకు ఒరుసుకుపోతున్నా ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు. వాళ్ళ వెనకాల నియుర్కా గిన్నె మూత మీద స్థిరపడింది.

కొండ ఎక్కుతున్నంతసేపూ రదామేస్ వీపు మీద రెండు నోళ్ళు పనిచేశాయి. మలుపుకు ముందు కసిల్దా హెచ్చరించింది, మలుపు దాటాక ఓవిదియా తప్పుపట్టింది. చెమటతో అతని చొక్కా సీటుకు అంటుకుపోయింది. మొగుడు, పెళ్ళాం, బిడ్డ, ఒక కోడి ఉన్న మోటారుసైకిలు బస్సును దాటిపోయింది. పోతూపోతూ కోడి కూడా తనవైపు జాలిగా చూసినట్టనిపించింది.

“రదామేస్, దిగి తొయ్యమంటావా?” అని వెనక సీట్లోంచి ఒకడు అరిచాడు. బస్సంతా నవ్వింది. అతను పళ్ళు బిగించి అదే వేగంతో పోయాడు.

అవతలివైపు దిగేటప్పుడు, పచ్చి అరటిగెలల లారీ ఒకటి వెనక చేరి హారను మోగించడం మొదలుపెట్టింది. వెనక కుర్రాళ్ళు దారివ్వొద్దని, తొక్కమని రెచ్చగొట్టారు. కాలు తొక్కుదామనే అనుకుంది. అతను మాత్రం బస్సును అంచుకు తీసి ఆపాడు. లారీవాడు పోతూ కిటికీలోంచి అతని తల్లి మీద ఒక మాట విసిరాడు.

ఇక అయిపోయింది, అమ్మ లేచి ఆ లారీని కిందిదాకా తిడుతూనే ఉంటుందని అతను అద్దంలోకి చూశాడు. కసిల్దా తల ఓవిదియా భుజం మీద పడి ఉంది. నోరు తెరుచుకుంది. మంచి నిద్రలో ఉంది.

కొత్త టోపీ ఓవిదియా చెవి మీదికి వంగిపోయింది. అయినా ఆమె కదలకుండా కూర్చుంది.

“ముందుకు చూసి తోలు. మీ అమ్మ నా మీద చొంగ కారుస్తోంది.”

అక్కణ్ణుంచి కిందికి దిగేదాకా రదామేస్ గట్టిగా బ్రేకు వేసింది లేదు. గుంటలు తప్పించుకుంటూ, పాల క్యాను మోస్తున్నట్టు దింపాడు. వెనక నవ్వేవాళ్ళు నవ్వుతూనే ఉన్నారు. అతనికి వినబడలేదు.

సముద్రం దగ్గర బస్సు దిగిన కసిల్దా, దారిలో ఒక్క క్షణం కన్ను మూయలేదని, వాణ్ణి మొత్తం తనే కాచుకుంటూ వచ్చానని కనబడ్డవాళ్ళందరికీ చెప్పింది. ఓవిదియా తడిసిన భుజం తుడుచుకుని నవ్వింది గానీ నోరు విప్పలేదు. ఇంటి దగ్గర వండి తెచ్చిన స్పగెట్టి రొట్టెల్లో పెట్టుకుని తిన్నారు. స్పీకరు పెట్టి ముసలీ ముతకా అందరూ ఇసుకలో కాళ్ళు కదిపారు. వియ్యపురాళ్ళిద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని గిన్నెలు తోమారు. నియుర్కా నీళ్ళు లాగే వైపున కర్ర పాతి, ఎర్రగుడ్డ కట్టి వచ్చాక జనం కేకలు పెట్టుకుంటూ సముద్రంలోకి పరిగెత్తారు.

రదామేస్ బస్సు నీడలో కాళ్ళు చాపుకున్నాడు. నియుర్కా వచ్చి పక్కన కూర్చుంది. ఏదో తప్పు పట్టడానికి వచ్చిందేమోనని అతను సర్దుకున్నాడు. ఆమె తన చెప్పులు విప్పి అతని పక్కన పెట్టింది. ఇన్నేళ్ళలో మడమలు దాటి నీళ్ళలోకి దిగిందే లేదని, అందరూ దిగితే ఒడ్డున చూసేవాళ్ళెవరని చెప్పింది. చెప్పేటప్పుడు ఆమె చూపంతా నీళ్ళలో ఉన్నవాళ్ళ మీదే ఉంది. తర్వాత లేచి గౌను కుచ్చిళ్ళు నడుముకు దోపుకుంది.

“కాసేపు వీళ్ళందర్నీ నువ్వు చూడు అబ్బాయ్. ఆ కర్ర దాటి ఎవర్నీ పోనివ్వకు. నాకు ఈత రాదు, నడుం దాకానే పోతా. అంతకన్నా ముందుకు పోతే గట్టిగా కేకెయ్. పెద్దదాన్నని చూడకు, పేరు పెట్టి పిలువు.”