మంచు కొండల ముందు అమ్మ

దుమ్ముగూడెంలో మేము వెళ్లిన ఫొటో స్టూడియోలో గోడకు మంచు కొండల పరదా ఉండేది. కత్తుల్లా నిలబడ్డ ఆ శిఖరాలు ఏ దేశానివో స్టూడియో భాయ్‌కి కూడా తెలియదు. ఫోన్లలో కెమెరాలు ఇంకా రాని రోజులవి. ఈస్టర్ ఆరాధన ముగిశాక కొత్త బట్టల్లోనే ఇంటిల్లిపాదీ ఫొటో దిగడానికి వెళ్లాం.

అమ్మ గుమ్మం దగ్గరే ఆగింది. గోదావరి అవతల, ఆమె పుట్టిన ఊరి వెనక వరుసగా లేచిన నిట్టనిలువు బండగుట్టలు అక్కడి నుంచి కనిపిస్తాయి. ఆమె చిన్నప్పుడు ఈస్టర్ తెల్లవారుజామున వాళ్ల సంఘమంతా పాటలు పాడుకుంటూ అందులో ఒక గుట్ట ఎక్కేదట. చివరి బండ మీదికి తాతయ్య ఆమెను భుజాల మీద మోసుకెళ్లేవాడట.

"బయట తియ్యరాదు భాయ్? మా గుట్టలు గూడ పడ్తయి," అంది అమ్మ.

"ఎండకు మొఖాలు నల్లగొస్తయక్కా. గా రాళ్లగుట్టలను ఎవరు చూస్తరు? లోపల గింత మంచిగ మంచు కొండలున్నయి. జల్దీ రాండ్రి," అన్నాడతను నవ్వుతూ.

నాన్న కూడా నవ్వాడు. అమ్మ లోపలికి వచ్చి పరదా ముందు నిలబడింది.

ఆమె పోయాక, పెద్దది చేయించి గోడకు పెట్టడానికి మాకు దొరికింది ఆ ఒక్క ఫొటోనే. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ కాశ్మీర్ ఎప్పుడెళ్లారని అడుగుతారు. నాకు ఒళ్లు మండుతుంది. కొండల్ని కాదు, అమ్మ కళ్లు చూడండి అనాలనిపిస్తుంది. మేమంతా కెమెరాలోకి చూస్తున్నాం. ఆమె ఒక్కతే తెరిచి ఉన్న తలుపు వైపు చూస్తోంది.